ఎడమ చుట్టు

2017 సెప్టెంబరు పద్నాలుగు, గురువారం. ఆ మధ్యాహ్నం సిరిల్ కుబాలెక్ ప్లమ్ పండ్లు కూరి ఉడికించిన పిండి ఉండలు తిన్నాడు. పైన గసగసాల పొడి, పంచదార, కరిగిన వెన్న. ఆ తేదీ అతనికి గుర్తుండిపోవడానికి పోస్టులో వచ్చిన ఉత్తరం ఒక కారణం. భార్య అపొలెనా పోయిన మూడేళ్లలో ఉండలు నీళ్లలో విచ్చిపోకుండా ఉడకడం అదే మొదటిసారి. అది రెండో కారణం.

పక్కింటి మెతోదెయ్ తినడానికి వచ్చాడు. వీళ్లిద్దరి పేర్లూ ఒకే రోజు పండగ చేసుకునే అన్నదమ్ములైన సాధువులవి. అందుకని ఏటా జూలై అయిదున ఊరివాళ్లు ఇద్దరికీ కలిపి ఒకే సీసా ప్లమ్ సారా ఇచ్చి తప్పించుకుంటారు. ఆ సీసా ఎవరింట్లో ఉండాలనే తగువు క్రిస్మస్ దాకా నడుస్తుంది.

ఎవరెన్ని తిన్నారో పళ్లెం అంచున పేర్చిన ప్లమ్ గింజలే చెబుతాయి. సిరిల్ అంచున తొమ్మిది గింజలు, మెతోదెయ్ అంచున పద్నాలుగు.

"పిండి మందంగా ఉంది," అన్నాడు మెతోదెయ్.

"పద్నాలుగు తిన్నాక తెలిసిందా?"

"పదమూడు దాకా అనుమానమే. ఇంకొకటి తింటే గానీ తేల్చుకోలేకపోయాను." మూతి తుడుచుకుని ఉత్తరం అందుకున్నాడు. "ఏమిటిది? ముద్ర పెద్దదిగా ఉందే."

పాత చేతివృత్తుల్ని నిలబెడుతున్నవాళ్లలో ఏటా కొందరికి ప్రభుత్వం 'సంప్రదాయ వాహకుడు' అనే బిరుదు ఇస్తుంది. ఈసారి గడ్డి బుట్టల పనికి సిరిల్ పేరు ముందుకు వచ్చింది. మంగళవారం జిల్లా మ్యూజియం నుంచి డాక్టర్ ఇవోనా షిముర్దోవా వచ్చి పని చూస్తారు, చిత్రీకరిస్తారు, కాగితాలు సిద్ధం చేస్తారు. ఆ తర్వాత కమిటీ కూర్చుని తేలుస్తుంది. ఉత్తరంలో ఉన్నది ఇంతే.

"ఇక నిన్ను పేరు పెట్టి పిలవకూడదేమో," అన్నాడు మెతోదెయ్. "అయ్యా సంప్రదాయ వాహకా, కాస్త వెన్న ఇటు జరపండి."

సిరిల్ వెన్న జరిపాడు. అతని బుర్ర అప్పటికే పైచేను మూలకు వెళ్లిపోయింది.

గడ్డి పాయను చుట్టలుగా చుట్టి కుట్టే ఈ బుట్టలకి, గోధుమ లాంటి రై పంట గడ్డి కావాలి, అదీ పొడుగుది. ఇప్పటి వంగడాలు మోకాలి పైదాకా వచ్చి ఆగిపోతాయి. కోత మిషను వాటిని కూడా నలిపి పారేస్తుంది. సిరిల్ దగ్గరున్నది తండ్రి నాటి విత్తనం, మనిషిని మించి పెరుగుతుంది. గింజ పూర్తిగా గట్టిపడకముందే కొడవలితో కోసి, కాడ విరగకుండా నూర్చుకోవాలి. ఇరవై ఏళ్లుగా ఊరి వ్యవసాయ సంఘం వాళ్లు పైచేనులో ఒక మూల అతనికి వదిలేస్తున్నారు. కిందటి వసంతంలో సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. రదీమ్ అని, ముప్పై నాలుగేళ్లవాడు, మర్యాదస్థుడు.

"బాబాయ్, నాకు మీ మీద కోపమేం లేదు," అని అప్పుడే చెప్పేశాడు రదీమ్. "ఆ మూల కోసం మిషన్ని రెండుసార్లు తిప్పాల్సి వస్తోంది. నూనె ఆవాలు వేసేస్తే చేనంతా ఒకటే పని. అదే మీకు బిరుదు లాంటిదేదో ఉందనుకోండి, మావాళ్లు అడిగితే చూపించడానికి నాకో కాగితం ఉంటుంది. విత్తే లోపల ఒక మాట చెప్పండి."

చలికాలపు రై సెప్టెంబరు ఇరవై ఎనిమిది, వాట్స్లవ్ పండగ లోపల నేలలో పడాలి. ఒక ఏడు తప్పితే విత్తనం పాతబడుతుంది. రెండేళ్లు తప్పితే మొలుస్తుందని ఎవరూ చెప్పలేరు. కాబట్టి సిరిల్‌కి బిరుదు అంటే గోడకు వేలాడే పటం కాదు, ఆ మూల చేను.

మంగళవారం ఇవోనా ఎర్ర కారులో వచ్చింది. నలభై అయిదేళ్లు ఉంటాయి. గుమ్మం దగ్గరే బూట్లు విప్పేసి మేజోళ్లతో నిలబడింది. ఇంట్లో ఆడవాళ్ల కాలికి సరిపోయే చెప్పుల జత ఒకటే ఉంది. సిరిల్ ఒక్క క్షణం ఆలోచించి, బల్ల కింది నుంచి అపొలెనా చెప్పులు తీసి ముందు పెట్టాడు. ఇవోనా వాటిలో కాళ్లు దూర్చుకుంది కానీ వాటి సంగతి అడగలేదు. అందుకు సిరిల్ ఆమెను లోలోపల మెచ్చుకున్నాడు.

కారులోంచి ఒక అట్టపెట్టె కూడా తెచ్చింది. అందులో పల్చటి కాగితాల్లో చుట్టిన పెద్ద బుట్ట ఉంది. పొలంలో విత్తనాలు చల్లేటప్పుడు భుజానికి తగిలించుకునే రకం.

"గుర్తుపట్టారా, కుబాలెక్ గారూ? ఎనభై ఆరులో జాతరలో మా మ్యూజియం మీ దగ్గరే కొంది. మీ పేరు చీటీ ఇంకా దానికే కట్టి ఉంది. నిజం చెప్పాలంటే, ఈ ఒక్క బుట్టని చూసే కమిటీలో ఇద్దరు ముందే ఊఁ అన్నారు. ఈ కుట్టు చూడండి. ప్రతి కుట్టూ కింద ఉన్న కుట్టుని సరిగ్గా మధ్యలో చీలుస్తూ పోతుంది. ఇంత బుట్టలో ఒక్కచోట తప్పలేదు. నేను లెక్కపెట్టాను."

సిరిల్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఏ బుట్ట చేతికొచ్చినా బోర్లించి చూడడం అతని అలవాటు. అడుగు మధ్యలో గడ్డి పాయ మొదలైన చోట చూపు ఆగింది. తండ్రి చుట్టినవైనా తను చుట్టినవైనా, అడుగు నుంచి చూస్తే పాయ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. ఈ పాయ అటు కాకుండా ఎదురు తిరిగింది.

అపొలెనాది ఎడమచేతి వాటం. బడిలో పంతులమ్మ ఆమె ఎడమచేతిని రిబ్బనుతో బెంచీకి కట్టేసి కుడిచేత్తో రాయడం నేర్పింది. బతికినంత కాలం కుడిచేత్తోనే రాసింది, గుండ్రటి అక్షరాలు. బుట్టల దగ్గర మాత్రం ఆమె చేతిని ఎవరూ కట్టలేదు.

"పాత బుట్ట," అన్నాడు సిరిల్. దాన్ని తిప్పి బల్ల మీద పెట్టాడు.

ఇవోనా కెమెరా నిలబెట్టింది. సిరిల్ గడ్డి తడిపాడు. ఆవు కొమ్ముతో చేసిన ఉంగరంలోంచి గడ్డి పాయను దూర్చి మందం సరిచేశాడు. ఎముక దబ్బనంతో సందు చేసి, అందులోంచి హేజెల్ అనే పొద కొమ్మ నుంచి చీల్చిన సన్నటి బద్దను లాగి బిగించాడు. హేజెల్ కొమ్మకు గాటు పెట్టి, మోకాలి మీద వంచి, పొర విడదీసి చూపించాడు. మూడు గంటలు పట్టింది. మధ్యలో ఇవోనా అడిగిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులే చెప్పాడు. అడగని దాని గురించి ఏమీ చెప్పలేదు.

"శుక్రవారం కాగితాలు తెస్తాను," అంది ఇవోనా బూట్లు తొడుక్కుంటూ. "ఈ చిత్తుప్రతి చదివి ఉంచండి, ఆ రోజు సంతకం పెడితే చాలు. బుట్ట ఇక్కడే ఉంచనా? ఆ రోజు మిమ్మల్నీ దాన్నీ కలిపి ఒక ఫొటో తియ్యాలి."

ఉంచమన్నాడు.

కారు మలుపు తిరిగిపోయాక సిరిల్ ఇంట్లో ఉన్న బుట్టలన్నీ పని బల్ల మీదికి తెచ్చి వరసగా బోర్లించాడు. మొత్తం పదిహేడు. అతనివి పదకొండు, ఆమెవి ఆరు. పొయ్యి పక్కన మేకుకు వేలాడే రొట్టెల బుట్ట చివర్లో గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ 'నా చేతి పని' అని చూపించిన బుట్ట అది. తీసి తిరగేశాడు. ఆమెవి ఏడయ్యాయి.

మోసం చెయ్యాలని ఎవరూ అనుకున్నది కాదు. చలికాలాల్లో పొయ్యికి అటొకరు, ఇటొకరు కూర్చుని కుట్టేవాళ్లు. పూర్తయినవన్నీ ఒకే కుప్పలో పడేవి. ఆ రోజుల్లో సరుకు అమ్మే అనుమతి ఇంటికి ఒక్కరి పేరు మీదే ఉండేది. చీటీల మీద ఆ పేరే రాసేవాళ్లు. ఆ చీటీలు రాసేది కూడా అపొలెనాయే, కుడిచేత్తో. ఒకసారి జాతరలో బ్ర్నో పట్నం నుంచి వచ్చిన టోపీ పెద్దమనిషి ఒకాయన సిరిల్ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. ఆయన వెళ్లాక అపొలెనా బల్ల తుడుస్తూ, "వారం దాకా ఆ చెయ్యి కడుక్కోకు," అంది. ఏ బుట్టను చూసి ఊపాడో అప్పుడు అతనికి తట్టలేదు. ఆమెకు తెలిసే ఉండాలి.

మర్నాడు మెతోదెయ్ కట్టెలు కొడుతుంటే సిరిల్ కంచె దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు.

మెతోదెయ్ గొడ్డలి మొద్దులో దింపాడు. "బుట్ట అడుగు ఎవడు చూస్తాడ్రా?"

"నేను చూశాను."

"అయితే నువ్వు చూడ్డం మానెయ్. ఆ డాక్టరమ్మే చూడలేదు. చదువుకున్న మనిషి కన్నా నీకెక్కువ తెలుసా?"

"బుట్టల గురించి తెలుసు."

"సరే. మీ ఆవిడే ఉంటే ఏమనేది?"

సిరిల్ ఆలోచించాడు. "నోరు మూసుకుని బిరుదు తీసుకోమనేది. ఆ తర్వాత నెల్లాళ్లు దెప్పేది."

"ఇప్పుడు దెప్పడానికి కూడా లేదుగా. ఇంకేమిటి నీ బాధ?"

"అదే," అన్నాడు సిరిల్.

మెతోదెయ్ గొడ్డలి ఊడబెరికి ఇంకో కట్టె నిలబెట్టాడు. "మూల చేను పోతుంది. ముందే చెబుతున్నా. తర్వాత నా దగ్గరికొచ్చి ముక్కు చీదకు."

"నీ దగ్గర రుమాలుంటే కదా చీదడానికి."

శుక్రవారం ఇవోనా వచ్చేసరికి పని బల్ల మీద రెండే బుట్టలు ఉన్నాయి. రెండూ బోర్లించి ఉన్నాయి. ఒకటి మ్యూజియం బుట్ట, రెండోది సిరిల్ కిందటేడు చేసింది. ఆమె చెప్పులు తొడుక్కుని లోపలికి వచ్చి, కాగితాలు తియ్యబోతుంటే సిరిల్ ఆగమన్నాడు.

"ముందు ఇలా రండి, డాక్టర్ గారూ. ఈ మధ్యలో వేలు పెట్టండి. పాయ ఎటు పోతే అటు పోనివ్వండి."

ఆమె తన వేలితో ఒక బుట్ట చుట్టూ తిరిగింది, తర్వాత రెండో దాని చుట్టూ. రెండో బుట్ట మీద సగంలో వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లింది. కుట్ల వాలు చూసింది. ఒకదానిలో కుట్లు ఇటు వాలితే రెండోదానిలో అటు వాలాయి.

"ఇది మీరు చెయ్యలేదు," అంది మ్యూజియం బుట్ట మీద చెయ్యి వేసి.

"మా ఆవిడ చేసింది. ఎనభై అయిదు చలికాలంలో. ఆ ఏడు బావి గడ్డకట్టింది. నేను పొయ్యి మీద మంచు కరిగిస్తూ కూర్చుంటే ఆమె ఇది కుట్టింది. మూడు వారాలు పట్టింది."

ఇవోనా స్టూలు మీద కూర్చుంది. "పంతొమ్మిదేళ్లుగా ఆ మ్యూజియంలో పనిచేస్తున్నాను. ఈ బుట్టకి నా చేత్తో నాలుగుసార్లు దుమ్ము దులిపాను."

"అడుగున దుమ్ము పట్టదు. తిప్పి చూడాల్సిన పని మీకు పడలేదు."

ఆమె అతని వైపు చూసి కొంచెం నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "బిరుదు బతికున్నవాళ్లకే ఇస్తారు, కుబాలెక్ గారూ. ఆవిడ పేరు మీద దరఖాస్తు పెట్టడానికి నియమాల్లో దారి లేదు. ఈ బుట్ట తీసేస్తే మీ దరఖాస్తులో మిగిలేది..." అని ఆగి, కిందటేటి బుట్టను చేతిలోకి తీసుకుంది. వేలితో కుట్లు తడిమింది.

"చెప్పండి, ఫరవాలేదు," అన్నాడు సిరిల్. "గట్టి బుట్టే. పదేళ్లు రొట్టెలు మోస్తుంది. కానీ నా కుట్టు కింది కుట్టుని మధ్యలో చీల్చదు. పక్కకి జరుగుతుంది. నాకు మొదటినుంచీ అంతే. ఆవిడకి జరిగేది కాదు."

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"మీరు సంతకం పెట్టమన్న కాగితంలో మూడో వరసలో ఈ బుట్ట నేను చేశానని ఉంది. చిత్తుప్రతి కళ్లజోడు పెట్టుకుని చదివాను."

ఇవోనా కాగితాలూ కలమూ తీసి ఆ మూడో వరస కొట్టేసింది. సంచిలోంచి ఇంకో కాగితం తీసుకుంది. "ఆవిడ పేరు పూర్తిగా చెప్పండి. పుట్టిన ఊరు, సంవత్సరం, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అన్నీ చెప్పండి." అతను చెబుతుంటే రాసుకుంది: అపొలెనా కుబాల్కోవా, కుబాలెక్ అన్న ఇంటిపేరు ఆడవాళ్లకి అలా మారుతుంది. ఆమెకు పని నేర్పింది సిరిల్ తల్లి. ఎదురుగా కూర్చోబెట్టి నేర్పడంతో అద్దంలో చూసినట్టు నేర్చుకుందని ఆ ముసలావిడ అనేది. దాన్ని కూడా ఇవోనా రాసుకుంది. చీకటి పడే వేళకి నాలుగు పేజీలు అయ్యాయి. కమిటీకి ఉన్నది ఉన్నట్టే పంపుతానంది, జవాబు నవంబరులో వస్తుందంది. బుట్టను మళ్లీ కాగితాల్లో చుట్టుకుని పట్టుకెళ్లింది.

సోమవారం సిరిల్ సంఘం ఆఫీసుకు వెళ్లాడు. రదీమ్ అతనికి కాఫీ ఇచ్చాడు. అంతా విన్నాడు.

"నవంబరు దాకా ఎలా ఆగను, బాబాయ్? ట్రాక్టరు రేపే వస్తోంది." కొంతసేపు కప్పులోకి చూశాడు. "మా తాతకి ఇలాంటివి చెబితే మీకు గుడి కట్టేవాడు. నాకు మాత్రం లెక్క కుదరదు."

"తప్పేం లేదు. కాఫీ బాగుంది," అన్నాడు సిరిల్. నిజంగానే బాగుంది.

మంగళవారం ట్రాక్టరు పైచేనంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా దున్నుకుంటూ పోయింది. ఎప్పుడూ చుట్టు తిరిగి వెళ్లే మూల దగ్గర ఈసారి తిరగలేదు. సిరిల్ వంటింటి కిటికీలోంచి చూశాడు. తర్వాత బంగాళాదుంపల పులుసు వేడి చేసుకున్నాడు. కప్పుకు వేలాడదీసిన విత్తనాల సంచి ఎలుకలు కొట్టాయేమోనని దించి చూశాడు. కొట్టలేదు.

బుధవారం పొద్దున తన తోటలో ప్లమ్ చెట్ల మధ్య మెతోదెయ్ పారతో తవ్వుతూ కనిపించాడు. పొడవాటి పట్టీ, అప్పటికే సగం అయింది. చొక్కా వీపంతా తడిసి ఉంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు సిరిల్ కంచె మీద చేతులు ఆనించి.

"బంగాళాదుంపలు తవ్వుతున్నా."

"అవి ఆగస్టులోనే తవ్వేశావుగా."

"మర్చిపోయినవి ఉంటాయి." ఇంకో పెళ్ల తిరగేశాడు. "అలా గుడ్లప్పగించి చూడకపోతే ఆ సంచి తేరాదూ? రేపు పండగ. చెట్ల నీడలో నీ గడ్డి ఎంత పొడుగొస్తుందో నాకు తెలీదు. ఈ చివరంటా రాళ్లే. రాకపోతే నన్ను అనకు."

సిరిల్ సంచి తెచ్చాడు. గింజలు చల్లడానికి పాత పెయింటు బకెట్ ఒకటి పట్టుకొచ్చాడు.

మెతోదెయ్ పార మీద వాలి చూశాడు. "బుట్టలల్లే మొనగాడివి. ప్లాస్టిక్ బకెట్లోంచి చల్లుతావా?"

"మంచు పడింది. బుట్ట తడుస్తుంది."

"నీకు బిరుదు ఇవ్వకపోతేనే మంచిది," అన్నాడు మెతోదెయ్. అని, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. సిరిల్ నడుస్తూ చల్లాడు. వెనక మెతోదెయ్ పళ్ల దంతెతో మట్టి కప్పుకుంటూ వచ్చాడు. పట్టీ పొడవు నలభై రెండు అడుగులు ఉంది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. సీసాలో మిగిలిన సారా ఇద్దరూ చెరో గుక్క తాగారు. అది ఎవరింటి సీసా అన్న తగువు ఆ రోజు రాలేదు.

నవంబరు రెండో వారంలో ఉత్తరం వచ్చింది. మర్యాదగా రాశారు. ఈ ఏడు ఇవ్వలేకపోతున్నామనీ, సొంత చేతి పనులతో రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చనీ ఉంది. సిరిల్ దాన్ని చదివి, పళ్ల సీసాల మూతల పెట్టెలో దాచాడు. అదే రోజు సాయంత్రం ఇవోనా ఫోను చేసింది. పట్నం వచ్చే పని ఉంటే ఒకసారి మ్యూజియంకి రమ్మంది.

పని ఏమీ లేదు. అయినా మర్నాడు బస్సెక్కాడు. ఇంట్లోంచి బయల్దేరే ముందు మెతోదెయ్ తోటలోకి తొంగిచూశాడు. రై నాలుగు వేళ్ల ఎత్తు వచ్చింది. రాళ్ల వైపు కాస్త పల్చగా ఉంది కానీ మొలవకుండా మాత్రం లేదు.

మ్యూజియం మూసే వేళకి చేరాడు. ఇవోనా అతన్ని వెనకవైపు మెట్లు దింపి సామాను గదికి తీసుకెళ్లింది. ఇనుప అరలు. వాటి నిండా కుండలు, రాట్నాలు, పాలగిన్నెలు. గాలిలో ఎండుగడ్డి వాసన. మూడో అరలో ఆ పెద్ద బుట్ట ఉంది. దాని కొత్త చీటీ టైపు చేసింది. పాత చీటీని పారేయలేదు, చిన్న కవరులో పెట్టి పక్కనే కట్టారు. కొత్తదాని మీద ఇలా ఉంది: 'విత్తనాల బుట్ట. చేసినది అపొలెనా కుబాల్కోవా. 1985 చలికాలం. ఎడమచేతి చుట్టు.'

"మిగతావి కూడా తిప్పి చూశాను," అంది ఇవోనా. "మీ పేరుతో ఉన్నవాటిలో ఇంకో రెండు ఆవిడవే."

"ఏవి?"

ఆమె చూపించింది. కోడిగుడ్ల బుట్ట ఒకటి, మూతబుట్ట ఒకటి. సిరిల్ మూతబుట్టను ఎత్తి అడుగు చూశాడు. కొంతసేపు చూసి, "ఇది నాదే అనుకున్నాను," అన్నాడు.

"బాధగా ఉందా?"

"లేదు. మంచి బుట్ట."

పెద్ద బుట్టను అరలోంచి తీసి కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. భుజానికి తగిలించుకునే పట్టీ దగ్గర ఒకచోట బద్ద చివర లోపలికి మడిచి ఉంది. అపొలెనా ఎప్పుడూ అలాగే మడిచేది, చల్లేవాడి చొక్కాకు గుచ్చుకోకుండా. తర్వాత దాన్ని ఇవోనాకు అందించాడు. ఆమె అరలో పెట్టింది. ముందు ఉన్నట్టు కాకుండా ఈసారి బోర్లించి, అడుగు పైకి ఉండేలా.

"ఆరూ పదికి ఆఖరి బస్సు కదా మీకు?"

"ఆ డ్రైవరు ఒక నిమిషం ఆగుతాడు. పైఊరి వాళ్లం దిగడానికి ఎక్కడానికి ఆలస్యమని తెలుసు."

సిరిల్ టోపీ పెట్టుకుని బయటికి వచ్చి నడవలో నిలబడ్డాడు. ఇవోనా ఒకసారి అరల వైపు చూసి, దీపం ఆర్పి, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసింది.